నడినెత్తిన మూడు వేళ్ల చోటు

పెళ్లి ఫ్యాషన్ షోలో పెళ్లొక్కటే ఉండదు. పెళ్లికూతుళ్లు పదహారు మంది ఉంటారు, పట్టుచీరలుంటాయి, పూలుంటాయి, సన్నాయి కూడా ఉంటుంది, కాకపోతే స్పీకర్లో. అదంతా తెరకి ఆవల. ఈవల, హోటల్ వాళ్లు కుర్చీలు పేర్చుకునే గదిలో, జుట్టు పనివాళ్లం అయిదుగురం. మా అందరికీ కలిపి రెండు ప్లగ్గు బోర్డులు. ఒక్కసారే అందరం ఐరన్లు పెట్టామా, కరెంటు పోతుంది. అందుకని వంతులు వేసుకుంటాం.

షో రాత్రి ఎనిమిదికైతే మమ్మల్ని పగలు పన్నెండింటికే రమ్మంటారు. అమ్మాయిల్లో చాలామంది ముంబై నుంచి వస్తారు. నిన్న ఇంకో ఊళ్లో ఇంకో షో చేసి, ఆ స్ప్రే తలలో ఉండగానే విమానం ఎక్కేస్తారు. జుట్టులో వేలు పెడితే అక్కడే చిక్కుకుపోతుంది. 'భయ్యా, ధీరే' అన్న మాట రోజుకి వందసార్లు వింటాను. ర్యాంప్ మీద నవ్వరేమని వాళ్లని వెక్కిరించేవాళ్లు ఒక్కసారి వాళ్ల మాడు తడిమి చూడాలి.

ఈ పనిలో కిటుకంతా చల్లార్చడంలో ఉంది. వేడి తగిలితే వెంట్రుక లోపలి కొన్ని బంధాలు విడిపోతాయి, చల్లారుతుంటే కొత్త ఆకారంలో మళ్లీ కలుస్తాయి. కాబట్టి ఐరన్ మీంచి తీసిన రింగుని వేడిగా వదిలేయకూడదు, క్లిప్పు పెట్టి ఆరనివ్వాలి. తడి తగిలినా అవే బంధాలు వీడతాయి గనక, వానాకాలం షో అంటే మాకు గుండెల్లో రాయే. ఆ ఆరబెట్టే పది నిమిషాల్లోనే షో డైరెక్టర్ వచ్చి "ఖాళీగా నిలబడ్డారేం?" అంటాడు. పాకం తీగ రావాలని పొయ్యి దగ్గర కాచుకున్నవాణ్ణి ఎవరూ అలా అడగరు.

తర్వాత సవరం. మెడదాకా కత్తిరించుకున్న అమ్మాయికి నడుము దాటే జడ రావాలంటే అదే దిక్కు. తిరుమల కళ్యాణకట్టలో భక్తులిచ్చిన తలనీలాల్ని దేవస్థానం ఈ-వేలంలో అమ్ముతుంది. అవి విగ్గులై, సవరాలై దేశదేశాలు తిరుగుతాయి. మాది మంగలి కుటుంబం, మా చుట్టాల్లో కళ్యాణకట్టలో పనిచేసినవాళ్లున్నారు. అక్కడ మావాళ్లు తీసింది ఇక్కడ నేను పెడుతున్నానేమో అని సవరం దువ్వినప్పుడల్లా అనిపిస్తుంది. ఎవరి మొక్కో!

ఇక పూలజడ. పూలకోసం తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్లాలి. ఎండాకాలమైతే మల్లెలు. మాఘమాసం పెళ్లిళ్లకి మల్లె దొరకదు, కాకడాలతో సర్దుకోవాలి. మొగ్గలు పొద్దున కుడితే సాయంత్రానికి విచ్చుకుంటాయి, లైట్ల వేడికి అంచులు ఎర్రబడతాయి. తడిగుడ్డ కప్పి దాచుకున్నా అవి మన టైమ్‌టేబుల్ వినవు. ఇప్పుడు అట్టమీద కుట్టిన జడలు తయారుగా దొరుకుతున్నాయి, పిన్నులతో బిగిస్తే అయిపోతుంది. మా అమ్మ కాలంలో జడ మీదే సూదీ దారంతో మొగలిరేకులు మడిచి కుట్టేవారట. కుట్టినంతసేపూ పిల్ల మెడ తిప్పకుండా కూచోవాలి. కుట్టడం అయ్యాక ఫోటో స్టూడియోకి పరుగు. అక్కడ వెనక నిలువుటద్దం పెట్టి, మొహమూ జడా ఒకే ఫోటోలో పడేలా తీసేవాళ్లు. ఆ ఫోటోగ్రాఫర్లకి తెలిసిన సంగతి మన ర్యాంప్ వాళ్లకి తెలియదు. ఫోటో కెమెరాలన్నీ ర్యాంప్ చివర, ఎదురుగా ఉంటాయి. అమ్మాయి వాటికేసి నడిచి, ఆగి, వెనుదిరిగిన తర్వాతే జడ కనబడేది. అప్పటికి కెమెరాలన్నీ తర్వాత వచ్చే పిల్ల మీదికి తిరిగి ఉంటాయి.

కూచిపూడి భామాకలాపంలో ఇందుకు తలకిందులు. సత్యభామ కంటే ముందు జడ వస్తుంది. తెరమీదుగా జడ వేసి, నన్ను మించినవాళ్లుంటే రండి అని సవాలు చేస్తుంది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషానికి పెట్టింది పేరు. మగవారాయన. ఆ జడ కట్టిన చేతుల్ని మాత్రం ఎవరు తలుచుకుంటారు?

మా నాన్న మా ఊళ్లో క్షౌరం చేసేవాడు, పెళ్లిళ్లలో సన్నాయి వాయించేవాడు. మావాళ్లకి రెండూ కులవృత్తే. శ్రుతి పెట్టె పట్టుకుని నేనూ వెళ్లేవాణ్ణి. మేళం వాళ్లని పందిట్లో ఓ పక్కగా, కాస్త వెనగ్గా కూచోబెట్టేవారు. అందుకని పెళ్లికూతురి మొహం నాకెప్పుడూ సరిగా కనబడలేదు, జడే కనబడేది. పంతులుగారి చెయ్యి లేచిందంటే నాన్న గట్టిమేళం అందుకునేవాడు. ఇప్పుడు చెవిలో వైరు పెట్టుకున్నాయన 'గో' అనగానే నేను అమ్మాయి భుజం తట్టి పంపిస్తాను.

ఒకసారి నాన్నకి పాస్ ఇప్పించి ముందు వరసలో కూచోబెట్టాను. ఆ రోజు నడినెత్తిన ఎత్తుగా పఫ్ లేపి, స్ప్రేతో రాయిలా బిగించి, దాని కింద నాలుగడుగుల జడ వేశాను. అయిపోయాక ఎలా ఉందని అడిగితే నాన్న కాసేపు ఆలోచించాడు.

"జడ బాగుందిరా. మరి జీలకర్రా బెల్లం ఎక్కడ పెడతాడు?"

నవ్వి ఊరుకున్నాను. ర్యాంప్ మీద తల నిలవాల్సింది రెండు నిమిషాలు. పెళ్లిపీటల మీద బాసికం దారం బిగిస్తారు, తలంబ్రాలు దోసిళ్లకొద్దీ పోస్తారు, తల వంచుకుని గంటలకొద్దీ కూచుంటే పూలజడ బరువంతా మెడ మీదే. ఇవన్నీ నాకు తెలియనివా!

ఆ ఏడు మాఘంలోనే ఒక పెళ్లికూతురు షోలో చేసిన జడే కావాలని పట్టుబట్టింది. చేశాను. రాత్రి ముహూర్తం. తెరసెల్లాకి ఇవతల పెళ్లికొడుకు చెయ్యి చాచి తమలపాకులో ముద్ద ఆమె తలమీద పెట్టాడు. నున్నటి పఫ్ మీంచి అది జారి, పాపిడిబిళ్లని రాసుకుంటూ పట్టుచీర మీద పడింది. పంతులుగారు గబగబా రెండోసారి పెట్టించారు, ముహూర్తం దాటలేదు. పెళ్లికూతురి అమ్మమ్మ నావైపు చూసిన చూపు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పట్నుంచి పెళ్లయినా, ఒట్టి షో అయినా, నడినెత్తిన మూడు వేళ్ల మేర చదునుగా వదిలేస్తాను. అక్కడ పిన్ను పెట్టను, స్ప్రే కొట్టను.