వంక

వంక అంటే వాగుకు చెల్లెలు. చెప్పుకునే సాకు కూడా వంకే. ఈ రెంటికీ ఒకే మాట ఎలా కుదిరిందా అని మా మామను చూసినప్పుడల్లా అనుకుంటాను.

ఆయన ఉండేది దొంతన్‌పల్లిలో, ఇక్ఫాయ్ యూనివర్సిటీ ఉన్న ఊళ్లో. చేను మాత్రం మొయినాబాదు వైపు, ఓ వంక ఒడ్డున. రెండెకరాల చిల్లర. టమాట, పాలకూర, కొత్తిమీర వేస్తాడు. ఫాంహౌస్ కోసం అడగడానికి మొదటిసారి బ్రోకర్లు వచ్చినప్పుడు చాయ్ హోటల్ దగ్గర నలుగురి ముందూ అన్నాడట: “గీ వంక నీళ్లు గండిపేటకు పోతయి. పట్నపోళ్లు తాగుతరు. నేనమ్మినంక గీడ ఇండ్లు లేస్తే, గా పాపం నాకొద్దు.”

ఉత్త వంక. అసలు సంగతేమిటంటే, తెల్లారి లేచి పోవడానికి ఆయనకు ఇంకో చోటు లేదు. ఆ మాట హోటల్ దగ్గర చెబితే నవ్వుతారు.

అక్కడితో అయిపోతే నేనిది రాసేవాణ్ణే కాదు. అంతకుముందు మందు కొట్టే పంపును ఆయన ఆ వంకలోనే కడిగేవాడు. నీళ్ల మీద తెల్లటి నురగ తేలుతూ పోవడం చిన్నప్పుడు నేనూ చూశాను. హోటల్ దగ్గర ఆ మాట అన్నాక బకెట్‌తో నీళ్లు మోసుకొచ్చి, దూరంగా గట్టు మీద కడగడం మొదలుపెట్టాడు. ఎందుకు మామా అంటే, “ఎవలన్న సూస్తే ఏమంటరు?” అన్నాడు. తర్వాత ఓ ట్రాక్టరువాడు పాత గోడల మట్టి వంకలో పోయబోతే అడ్డంపడి తిట్టాడు. అప్పుడు చూసేవాళ్లెవరూ లేరు.

ఆడలేక మద్దెల ఓడంటే నవ్వుతాం గానీ, పదిమందీ నమ్మాక ఆ మనిషి మద్దెల బాగు చేయించక తప్పదు. ఈ ప్రాంతంలో ఫాంహౌస్ పేరు పెట్టుకున్న ఫంక్షన్ హాళ్లు కూడా అంతే. పేరు నిలబెట్టుకోవడానికి నాటిన నాలుగు మామిడి మొక్కలే ఇప్పుడు పెళ్లివారి కార్లకు నీడ.

సర్కారు కూడా ఒక కారణం చెప్పి దానికి కట్టుబడినదే. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచింది. మళ్లీ అలాంటిది రాకూడదని 1920లో గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తిచేశారు. తాగునీరు కూడా కలిసొచ్చింది. ఊరు ఆ నీళ్లు తాగీ తాగీ వరద సంగతి మరిచిపోయింది. ఈ చెరువుల్లోకి మురికి చేరకుండా 1996 మార్చిలో 111 జీవో వచ్చి, 84 ఊళ్లలో కాలనీలకూ ఫ్యాక్టరీలకూ అడ్డుకట్ట వేసింది. జనం నోట మాత్రం అది నీళ్ల జీవో. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ కట్టడిని తీసేసింది. కృష్ణా గోదావరి నీళ్లొస్తున్నాయి, పట్నం ఇప్పుడు ఈ చెరువుల మీద ఆధారపడి లేదన్నారు. తాగునీటి మాట మీద నిలబెట్టిన పందిరి ఆ గుంజ తీయగానే ఒరిగింది.

బ్రోకర్లు మళ్లీ వచ్చారు. “ఇప్పుడు తాగుతలేరు గదా పెద్దయ్యా, ఇంకేంది?” మామ దగ్గర జవాబు లేదు. అసలు కారణం ఏనాడూ పైకి అనలేదు కనుక అవసరానికి అది నోటికి రాలేదు. అమ్మ తన వాటా సంగతి కదిపి రమ్మని నన్నూ పంపింది. అత్తమ్మ మోకాళ్ల నొప్పులు చూసిపోదామని వచ్చానన్నాను. నా వంక అది. అన్న పాపానికి అత్తమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, సాయంత్రందాకా కూర్చుని, వాటా మాట ఎత్తకుండానే తిరిగొచ్చాను. నేనొచ్చినందుకు చేనుకెళ్లలేని ఆ పూటంతా మామ ఏమీ తోచక అరుగు మీద ఉల్లిగడ్డలు ఏరుతూనే ఉన్నాడు.

2025 సెప్టెంబరు చివర్లో జంట చెరువుల గేట్లెత్తారు. మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. పొద్దున్నే మామ ఫోను.

“అల్లుడా, టీవీ సూసినవా?”

“చూశాను మామా. ఘోరం.”

“ఘోరమే,” అన్నాడు. గొంతులో ఉషారు మాత్రం దాగలేదు. “గా చెరువులు కట్టిందే గిందుకురా. ఇగ రానీ ఆ బ్రోకర్లను.”