కోడిపుంజు చేప తీరం

ఫిషింగ్ హార్బర్ దాటి బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు సాగుతున్నాను. కుడిచేతి వైపంతా సముద్రమే. తెన్నేటి పార్కు దగ్గర తూర్పు కనుమల రాయి నేరుగా నీళ్లలోకి దిగుతుంది. రుషికొండ, మంగమారిపేట దగ్గరా అంతే. ఒడ్డు నుంచి చూస్తే కొండ అక్కడితో అయిపోయినట్టుంటుంది గానీ, రాయి నీటి అడుగునా సాగుతుంది. దాని పగుళ్లలో పీతలు, రొయ్యలు, నత్తలు, వాటిని తినే చేపలు బతుకుతాయి. రామేశ్వరం, అండమాన్‌లలాగా పగడపు దిబ్బలు లేవు కాబట్టి విశాఖ సముద్రంలో చూడదగ్గదేమీ లేదని చాలామంది అంటారు. ఆ మాట తప్పు. ఈ ఊరి నుంచే శాస్త్రంలోకి వెళ్లిన ఒక చేపే అందుకు సాక్ష్యం.

ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో ఇక్కడ చేపలు సేకరించి బొమ్మలు గీయించాడు. 1803లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో విశాఖపట్నంలో దొరికిన 200 చేపలున్నాయి. వాటిని ఇక్కడివాళ్లు పిలిచే పేర్లతోనే నమోదు చేశాడు. అందులో ఒకటి కోడిపుంజు. పక్క రెక్కలు విప్పితే అచ్చం పుంజు ఈకలే. 1831లో ఎడ్వర్డ్ బెన్నెట్ దీనికి రస్సెల్ పేరు కలిపి టెరాయిస్ రస్సెలీ అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఇది అడుగుకు మించి పెరగదు. ఒళ్లంతా ఎర్రగోధుమ పట్టీలు, వీపు మీద 13 విషపు ముళ్లు. దీని దగ్గరి బంధువులు కొన్నింటి తోక మీద చుక్కలుంటాయి, దీని తోక మీద ఉండవు. ఒడ్డుకు దగ్గరగా, బురద కలిసిన మసక నీళ్లలోనూ హాయిగా బతుకుతుంది. రెక్కలు చాచి చిన్న చేపలను మూలకు నెట్టి, ఒక్కసారిగా మింగేస్తుంది. నీళ్లు తేటగా లేవు కాబట్టి జీవం లేదనుకునేవాళ్లకు ఇంతకన్నా జవాబేముంటుంది?

ముళ్లలో విషమున్న చేప కోసం ఇంత తాపత్రయం ఎందుకని అడగవచ్చు. దీని బంధువులు అట్లాంటిక్‌లో చేసిన నష్టాన్నీ ఎత్తిచూపవచ్చు. 1985లో ఫ్లోరిడా దగ్గర మొదట కనబడిన ఆ చేపలు కరీబియన్ దాకా పాకి అక్కడి చిన్న చేపలను ఊడ్చేస్తున్న మాట నిజమే. కానీ అక్కడవి బయటి నుంచి వచ్చిపడినవి. ఇక్కడ కోడిపుంజు సొంత ఇంట్లో ఉంది. తూర్పు ఆఫ్రికా నుంచి న్యూగినీ దాకా ఉన్న చేప విశాఖలో పోతే ఏమవుతుందన్నది ఇంకొంచెం గట్టి ప్రశ్న. జాతి అంతరించదు, ఒప్పుకుంటాను. అయితే పోయేది చేప ఒక్కటే కాదు, దానికి తిండిపెట్టే రాతి లోకమంతా. ఓడరేవు గోడల రాళ్లు కూడా చేపలకు ఆసరా ఇస్తాయి కదా అనేవారి మాటలోనూ కొంత నిజముంది. కానీ ఆ గోడలే తీరం వెంట ఉత్తరానికి సాగే ఇసుకను ఆపుతాయి. అందుకే పోర్టు ఇసుకను తవ్వి ఆర్కే బీచ్‌లో పోయాల్సి వస్తోంది. ఇసుక నడకను మార్చే గోడను, వేల ఏళ్లుగా కదలని రాతితో సమానం చేయలేం.

2019 తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్‌లో అత్యంత సున్నిత ప్రాంతాల జాబితాలో పగడపు దిబ్బలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు పేరుపేరునా ఉన్నాయి. నీటి అడుగు రాతి దిబ్బలకు మాత్రం అక్కడ విడిగా పేరు లేదు. పోర్టు, స్టీల్‌ప్లాంట్ వేలమందికి అన్నం పెడుతున్న ఊరిది, వాటిని మూయమనడం లేదు. అధికారులను కోరేది ఇంతే: ఫిషింగ్ హార్బర్ నుంచి భీమిలి దాకా నీటి అడుగున ఉన్న రాళ్లను జాలరుల సాయంతో గుర్తించి తీర పటంలో ఎక్కించండి, తవ్విన మట్టినీ పనికిరాని వలలనూ వాటి మీద పడనివ్వకండి.