పతకానికి రెండో వైపు

పాత పతకం చేతికి వచ్చినప్పుడు ఎవరైనా ముందుగా దాని ముఖభాగాన్నే చూస్తారు. పునీత మహా గ్రెగరీ పేరిట పోప్‌లు ప్రదానం చేస్తూ వచ్చిన గౌరవ చిహ్నం విషయంలో ఆ చూపు అక్కడే నిలిచిపోతే తప్పుపట్టలేము. ఎనిమిది కొనల బంగారు సిలువ, దాని నాలుగు భుజాలమీద ఎర్రని మీనా, నడిమి బిళ్ళలో నీలి మీనాపై పునీతుని రూపం. పౌరులకిచ్చే పతకమైతే అది ఆకుపచ్చని మీనా ఆకుల దండనుండి వేలాడుతుంది. సైనికులకిచ్చేదైతే ఆ దండకు బదులు ఆయుధాల గుత్తి ఉంటుంది.

మీనా అంటే రంగుపూత అని పొరబడేవారున్నారు. నిజానికది గాజు. లోహపు ఆక్సైడులతో రంగు తెప్పించిన గాజును మెత్తగా నూరి, తడిపి, బంగారంమీద పరచి, కొలిమిలో సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కరిగిస్తారు. మేలిమి బంగారం కరిగేది 1064 డిగ్రీల వద్ద. పనివానికి దక్కిన వెసులుబాటు ఆ రెండంకెల నడుమనున్నదే. బంగారంలో వెండి, రాగి కలిసేకొద్దీ అదీ తగ్గిపోతుంది. ఏ రంగుకు ఆ వేడి కనుక, ఎక్కువ వేడిని ఓర్చుకొనే రంగును ముందుగా, సుకుమారమైనదాన్ని చివరగా కాలుస్తారు. జయపూర్ మీనా పనివారు ఎరుపును ఆఖరుకు ఉంచుకోవడానికి కారణమిదే. రోమ్‌లోనైనా, జయపూర్‌లోనైనా కొలిమి ధర్మం ఒక్కటే. పతకం జారిపడి పెచ్చు లేచిందంటే దాన్ని సరిచేయడం కష్టం. మళ్ళీ కాల్చాలంటే మొత్తం పతకం నిప్పులోకి పోవాలి. చెక్కుచెదరని మీనాకు కూడా అది గండమే. అందుచేత పాత పతకాలకు చేసిన మరమ్మతులలో చాలామట్టుకు నిప్పు చూడని రంగు జిగురే కనిపిస్తుంది.

ఇంత వైభవం మధ్య కొలువుదీరిన గ్రెగరీ 590 నుండి 604 వరకు పోప్‌గా ఉన్నాడు. రోమ్ నగరంలో, సీలియన్ కొండమీద ఉన్న తన సొంత ఇంటిని మఠంగా మార్చి సన్యసించినవాడు. దేవుని సేవకులకు సేవకుడనని తన్ను తాను చెప్పుకొన్నవాడు. పతకాన్ని నెలకొల్పిన పదహారవ గ్రెగరీ కూడా సన్యాసే, అదే కొండమీది మఠానికి ఒకప్పుడు అధిపతి కూడా. ఆయన 1831 ఫిబ్రవరి 2న పోప్‌గా ఎన్నికైన కొద్ది రోజులకే బొలోన్యాలో తిరుగుబాటు చెలరేగింది. మధ్య ఇటలీలోని విశాల భూభాగానికి పోప్ ఆనాడు గురువే కాదు, రాజు కూడా. ఆస్ట్రియా సైన్యం వచ్చి అణచివేస్తేగాని సింహాసనం కుదుటపడలేదు. అదే ఏడాది సెప్టెంబరు 1న ఈ గౌరవం వెలసింది.

ఇప్పుడు పతకాన్ని తిప్పి చూడాలి. వెనుకవైపు లాటిన్‌లో 'ప్రో దేవో ఎత్ ప్రిన్చిపే' అని ఉంటుంది: దైవం కొరకు, ప్రభువు కొరకు. ఆ ప్రభువు పోప్ తానే. అంటే ఇది ప్రతిభకు కట్టిన పట్టమనడం కంటే, కదిలిన గద్దెను అంటిపెట్టుకొన్నవారికి దక్కిన గుర్తింపు అనడమే న్యాయం. సేవకులకు సేవకుడైనవాని బొమ్మ ముందు, రాజభక్తి వెనుక! 1870 సెప్టెంబరు 20న ఇటలీ సైన్యం రోమ్‌లో ప్రవేశించడంతో ఆ రాజ్యం అంతరించింది. 1929 ఒప్పందంతో తిరిగి దక్కిన వాటికన్ నగరం వైశాల్యం 44 హెక్టార్లు. వెనుకవైపు మాట మాత్రం మారలేదు. గౌరవం పొందేవారు మారారు. కతోలికులు కానివారు సైతం దీనిని అందుకొన్నారు. 1990ల దశకంలో స్త్రీలకూ ప్రవేశం లభించింది.

ఇచ్చేవాడు రాజైనప్పుడు పుచ్చుకొన్నవాడు ఎంతవరకు స్వతంత్రుడన్న ప్రశ్న మనకు కొత్త కాదు. మన రాజ్యాంగం 18వ అధికరణం సైనిక, విద్యా విశిష్టతలను మినహాయించి బిరుదులను రద్దుచేసింది. 1954లో ఆరంభమైన భారతరత్న, పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, వాటిని పేరుకు ముందుగాని వెనుకగాని తగిలించుకోరాదనీ సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో తేల్చిచెప్పింది.

గ్రెగరీ పతకానికి ఆ బాధ లేదు; సాధారణంగా దానిమీద గ్రహీత పేరే ఉండదు. పేరుండేది వెంట వచ్చిన నియామక పత్రంలో. రెండు మూడు తరాలు గడిచేసరికి కాగితం ఒక దారి, బంగారం ఒక దారి పడతాయి. అటువంటి పతకం వేలానికి వచ్చినప్పుడు అమ్మకపు జాబితాలో బంగారమా, పూత పూసిన వెండియా, పెచ్చు ఏ భుజంమీద లేచింది, ఎర్రని పట్టీకి పసుపు అంచులు వెలిశాయా అన్నవి వివరంగా రాస్తారు. ఎవరికిచ్చారో, ఎందుకిచ్చారో రాయడానికి ఆధారముండదు.