దీవిలో ఆనర్సు చదువు

షాదీపూర్‌లోని మా ఇంట్లో కొన్ని నెలలుగా ఒకటే చర్చ. 2023లో ఇక్కడి కళాశాలలోనే జంతుశాస్త్రంలో చేరిన మా అమ్మాయి మూడు సంవత్సరాల చదువు ముగిసింది. పట్టా పుచ్చుకొని బయటికి రావచ్చు. నాలుగవ సంవత్సరమూ చదివి ఆనర్సు పట్టా పొందవచ్చు. బంధుమిత్రులు మాత్రం, "ఆనర్సే చదివించాలనుకుంటే విశాఖపట్నమో, చెన్నయో పంపండి. దీవిలో చదివిన చదువుకు విలువేముంటుంది?" అన్నారు.

ఆ మాట నాకు కొత్త కాదు. మా నాన్న శ్రీకాకుళం తీరం నుండి ఓడెక్కి వచ్చి ఇక్కడ వల పట్టిన మనిషి. నేను 1988లో జవాహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయంలో చేరాను. 1967లో వెలసిన ఆ కళాశాల తొలినాళ్లలో చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. 1985లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత దాని పరిధిలోకి వచ్చింది. మా పరీక్షల తీర్పు ఎప్పుడూ సముద్రానికి ఆవలి ఒడ్డునే! పట్టా చేతికి వచ్చాక పైచదువుకు విశాఖ వెళ్లాలని ఆశపడ్డాను. ఓడ టిక్కెట్టుకు డబ్బు దొరికేది కాని, వసతిగృహం ఖర్చు ఒక్క పడవ సంపాదనకు మించిన మాట. ఉద్యోగంలో చేరిపోయాను.

ఆనర్సు అనే మాట మన పెద్దలకు తెలియనిది కాదు. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఒకనాడు బి.ఏ. ఆనర్సు చదివినవారిని సమాజం ప్రత్యేక గౌరవంతో చూసేది. ఒకే విషయాన్ని లోతుగా తరచి చూడడం దాని ఉద్దేశం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ల పట్టాకు 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్సుకు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగవ ఏట పరిశోధనను కూడా ఎంచుకోవచ్చు.

మా అమ్మాయికి ఆ అర్హత లభించింది. ఏ అంశంపై పని చేయాలో తేల్చుకోవడానికి తెల్లవారుజామున తాతతో కలిసి జంగ్లీఘాట్ జెట్టీకి వెళ్లడం ప్రారంభించింది. బుట్టలలోని చేపల పేర్లు ఆయన చెబుతూ ఉంటే ఈమె పుస్తకంలో వ్రాసుకునేది: కోనెం, కవళ్లు, సొర, కానాగంత. ఒకనాటి సాయంకాలం పాఠ్యగ్రంథం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తాతా, కానాగంతకు శాస్త్రంలో పేరేమిటో తెలుసా? రాస్ట్రెల్లిజర్ కనగుర్తా."

పాట్రిక్ రసెల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో లండన్‌లో అచ్చువేయించాడు. తీరవాసులు పలికే తెలుగు పేర్లనే అందులో ఉంచాడు. దాని ఆధారంగా ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే 1816లో ఈ చేపకు కనగుర్తా అని శాస్త్రనామం పెట్టాడు. నేటికీ ప్రపంచమంతటా అదే వాడుక.

అక్షరం రాని మా నాన్న ఆ పుటను చేత్తో తడిమి, "మన మాటే రాసుకున్నారా తల్లీ!" అని చాలాసేపు మౌనంగా ఉండిపోయాడు.

నేను మూడేళ్లు అదే శాస్త్రం చదివాను. ఆ పేరు పరీక్ష కోసం కంఠస్థం చేశాను. అది మా ఇంటి మాట అని ఒక్కనాడూ తోచలేదు. పైచదువు సముద్రానికి ఆవల ఉందని దిగులుపడ్డానే గాని, రోజూ మా నాన్న పడవలో వచ్చే దానివైపు కన్నెత్తి చూడలేదు.

దీవిలో గ్రంథాలయాలు, ప్రయోగశాలలు మహానగరాలకు సాటి రావన్నది నిజం. వెళ్లగలిగినవారు వెళ్లాలి, రేపు పరిశోధనకు మా అమ్మాయి కూడా వెళ్లవలసిందే. అయితే వెళ్లలేనివారి చదువు లోతు లేనిదిగా మిగిలిపోనక్కరలేదు. ఆ నాలుగవ సంవత్సరం ముఖ్యంగా అటువంటి పిల్లల కోసమే అని నా నమ్మకం.

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. కానాగంత పేరు మాత్రం రెండు శతాబ్దాలు దాటినా మారలేదు. నిన్న మా అమ్మాయి నాలుగవ సంవత్సరం దరఖాస్తు నింపింది. తండ్రి సంతకం నేను పెట్టాను. పక్కన ఖాళీ లేకపోయినా తాత చేత వేలిముద్ర వేయించుకుంది.