కుడి, గుడి, ఒక బిట్టు

మెమరీ అంటే మన తెలుగులో జ్ఞాపకం. అది అంగట్లో బేరమాడి, తిప్పి చూసి కొనే వస్తువని డిగ్రీ రెండో సంవత్సరం దాకా నాకు తెలీదు.

నేను వాడేది అన్న వాడి వదిలేసిన లాప్‌టాప్. 4 జీబీ ర్యామ్. ప్రాజెక్టు కోసం మా అవ్వ నోటి మాటలు, సామెతలు అందులోనే టైపు చేస్తున్నాను. నాలుగు తరాలుగా చెన్నైలో ఉన్న ఇల్లు మాది. ఆ మాటలు కొన్ని ఇప్పుడు అవ్వ ఒక్కతే అంటుంది. రెండు ఫైళ్లు తెరిస్తే లాప్‌టాప్ బిగుసుకుపోతుంది. ఇంకో 8 జీబీ వేస్తే చాలని అన్న చెప్పాడు. ట్యూషన్ డబ్బులు పట్టుకుని రిచీ స్ట్రీట్‌కి వెళ్లాను.

కొట్టాయన రెండు ముందు పెట్టాడు. ఒకటి గట్టి ప్లాస్టిక్ ప్యాక్‌లో సీలుతో ఉంది. రెండోది కాగితంలో చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది, 400 రూపాయలు తక్కువ. "రెండూ కొత్తవే, ఒకటేనమ్మా. ప్యాకెట్‌కి ఎందుకు డబ్బు?" అన్నాడు.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ప్యాకెట్ వల్ల వేగం పెరగదు. లోకంలో మెమరీ చిప్పుల్లో ఎక్కువ భాగం చేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే. చాలా బ్రాండ్లు ఆ చిప్పులు కొని పలక మీద అతికించి అమ్ముతాయి. కానీ ప్యాకెట్‌కి వేరే పని ఉంది. నడిచినా, సింథటిక్ బట్ట రాసుకున్నా ఒంట్లో స్టాటిక్ కరెంటు చేరుతుంది. సుమారు 3000 వోల్టులు దాటితేగాని మనకు చురుక్కుమనదు. అంతకన్నా చాలా తక్కువకే చిప్పు దెబ్బతినొచ్చు. వెండి రంగు సంచి బయటి కరెంటును ఆపుతుంది. గులాబీ రంగు సంచి తనలో కరెంటు పుట్టనివ్వదు, అంతవరకే. కాగితం ఈ రెండూ చెయ్యదు.

తర్వాత పలక చూశాను. లాప్‌టాప్ డీడీఆర్4 ర్యామ్‌కి అంచున 260 బంగారు పూత కాంటాక్టులుంటాయి. ఫ్యాక్టరీ పరీక్షలో పడిన సన్న గీత కొత్తదానికీ ఉండొచ్చు. కాగితంలోదానికి గీతల మీద గీతలున్నాయి. లేబుల్ మీద 1ఆర్×8 అని ఉంది. అంటే ఒకే వరుస, ఒక్కో చిప్పు 8 బిట్లు. మొత్తం 64 బిట్లు కావాలి కాబట్టి 8 చిప్పులుండాలి. రెండు వైపులా లెక్కపెడితే 16 ఉన్నాయి. లేబుల్ ఆ పలకది కాదు.

"అన్నా, ఇందులో ఎనిమిదే ఉండాలి కదా?" అన్నాను. ఆయన మాట్లాడకుండా కాగితం మళ్లీ చుట్టేశాడు. 400 ఎక్కువిచ్చి సీలున్నదే తీసుకున్నాను.

ఆ 400 నాకు మూడు వారాల బస్సు ఖర్చు. అయినా ఎందుకిచ్చానో చెప్తాను. కంప్యూటర్లో మన 'క'కీ 'గ'కీ తేడా ఒకే ఒక్క బిట్టు. ర్యామ్‌లో ఆ బిట్టు తిరగబడితే 'కుడి' కాస్తా 'గుడి' అవుతుంది. మామూలు లాప్‌టాప్ ర్యామ్‌లో ఆ తప్పును పట్టే ఏర్పాటు ఉండదు. గుడి కూడా మంచి మాటే కాబట్టి చదివేవాళ్లకీ అనుమానం రాదు. ఇంట్లో ఒక్కరే అనే మాట అలా మారితే సరిదిద్దేదెవరు?

ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకున్నాను. పొద్దునకి ఒక్క తప్పూ చూపలేదు. "ఇంత చిన్న పలకకి అంత డబ్బా?" అంది అవ్వ. నీ మాటలు పెట్టుకోడానికే అన్నాను. "అయితే ఇంకోటి రాసుకో" అని మొదలుపెట్టింది.

మీరు కొనేటప్పుడు చిప్పులు లెక్కపెట్టండి. సీలు ప్యాకెట్ బయటినుంచి కూడా కనిపిస్తాయి.