పట్టుకోవడమూ ఓ విద్యేనండీ

పక్షవాతం వచ్చిన ఇంటికి ముందు చుట్టాలొస్తారు, వాళ్ల వెనకాలే పావురాలొస్తాయి. నవ్వకండి, మీ అత్తగారికి వచ్చినప్పుడు మీరూ తెప్పించే ఉంటారు! పావురం రక్తం రాస్తే పడిపోయిన కాలు లేస్తుందని మన వైపు పాత నమ్మకం. ఆ పక్షి ఏం పాపం చేసిందో గానీ, జబ్బు కాలిది కాదు కదండీ. మెదడులో నెత్తురు దారి మూసుకుపోయో, నరం చిట్లో వచ్చిన తంటా. ఎడం పక్క తగిలితే కుడి కాలూ చెయ్యీ పడిపోతాయి. కాలు బాగానే ఉంది, దానికి కబురందడం లేదు, అంతే. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయిస్తే మెదడులో మిగిలిన భాగాలు మెల్లిగా ఆ పని అందుకుంటాయి.

కానీ చేయనిస్తేగా! ఎదురింటి పిన్నిగారినే చూడండి. పక్షవాతం వచ్చిన వాళ్లాయన, మాస్టారు, కుర్చీలోంచి లేవబోతే చాలు, పరుగున వచ్చి ఆ పడిపోయిన చెయ్యే పట్టుకుని లాగేసేవారు. ఫిజియోథెరపీ అబ్బాయి చూసి లబలబలాడిపోయాడు. పట్టు లేని భుజం కదా, అలా లాగితే కీలు జారుతుందట. జబ్బు పక్కన, కాస్త వెనగ్గా నిలబడి, నడుముకి కట్టిన బెల్టు పట్టుకోవాలి. లుంగీ కాదు! లుంగీ పట్టుకుంటే చేతికి లుంగీయే మిగులుతుంది.

చేతికర్ర కూడా మంచి చేతిలోనే ఉండాలట. మనం జబ్బు పక్కకి ఆసరా అనుకుంటాం, చూశారా? ముందు కర్ర, తర్వాత జబ్బు కాలు, ఆ తర్వాత మంచి కాలు. మెట్లెక్కేటప్పుడు మాత్రం మంచి కాలు ముందు, దిగేటప్పుడు జబ్బు కాలు ముందు. పాదం వేలాడిపోయి వేళ్లు నేలకి రాసుకుంటుంటాయి గనక మాస్టారు కాలు పక్కకి తిప్పి వేసేవారు. చీలమండకి పట్టీ పెట్టాక కాస్త తిన్నగా పడుతోంది. జారిపడతారని ఆయన హవాయి చెప్పులు మాత్రం పిన్నిగారు అటక మీద దాచారు. ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

వాళ్లబ్బాయి ఫోన్లో ఒకటే గోల, లక్షలు పోసే మిషను మీద నడిపిద్దామని. అమెరికాలోనే 408 మందిని పెట్టి చూశారట. కొందరిని పైనుంచి పట్టీలతో వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, కొందరికి ఫిజియోలు ఇంటికే వెళ్లి వ్యాయామాలు చేయించారు. 2011లో లెక్క తేలింది: ఏడాది తిరిగేసరికి నూటికి 52 మంది నడక మెరుగైంది, రెండు వైపులా ఒకేలా! ఆరు నెలలాగి మిషనెక్కిన వాళ్లూ బాగుపడ్డారు. అందుకని మూడు నెలలు దాటాయి, ఇంకేముందని మూలన కూర్చోబెట్టకండి.

అలాగని ఇంటివాళ్లమే చాలునని ఫిజియోని మానిపించేయకండి. మన దేశంలో 14 ఆసుపత్రుల్లో ఇంటివాళ్లకి నేర్పి వాళ్ల చేత చేయించి చూశారు. పెద్ద తేడా రాలేదని 2017లో చెప్పారు. ప్రేమకి విద్య తోడుండాలి మరి.

మాస్టారు లెక్కల మాస్టారు కదా, ఎక్కాలు చదువుతూ నడుస్తారు. రెండో ఎక్కం హాయిగా సాగుతుంది. పదమూడో ఎక్కం రాగానే కాలు ఆగిపోతుంది! వింతేం కాదట. మాట్లాడిస్తే నడక ఆపేసే పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదం ఎక్కువని స్వీడన్ వాళ్లు 1997లోనే గమనించారు. అందుకే ఆయన నడిచేటప్పుడు నన్ను గోడ మీంచి పలకరించొద్దన్నారు. నన్నండీ! అయితే నడక కుదుటపడ్డాక మాట్లాడుతూ నడవడం కూడా సాధనేనట. ఆ పని నాకిమ్మన్నాను. పిన్నిగారు ఇంకా ఏ మాటా చెప్పలేదు. మీరైనా ఓ మాట వేయకూడదూ?