పెన్సిలు చప్పుడు

ఇంపైన ధ్వని యనగానే మనకు కోకిల కూతయో వీణానాదమో స్ఫురించును. కాని కాగితముపై పెన్సిలు నడచు చప్పుడును గూడ నేడు లోకమున అనేకులు కోరి వినుచు విశ్రాంతి పొందుచున్నారు. ఇట్టి మెల్లని చప్పుళ్లు విన్నపుడు కొందరికి తలపైనుండి మెడమీదుగా పులకరింత దిగి మనస్సు నెమ్మదించును. 2010లో జెన్నిఫర్ ఆలెన్ అను అమెరికా వనిత ఈ అనుభూతికి ఏ.ఎస్.ఎం.ఆర్. అని పేరు పెట్టెను. 2018లో ఇంగ్లండునందలి షెఫీల్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు, అట్టి పులకరింత గలవారి గుండె ఆ వీడియోలను చూచు వేళ నిమిషమునకు సుమారు 3 సార్లు తక్కువగా కొట్టుకొనెనని తెలిపిరి. అయితే ఈ అనుభూతి అందరికిని కలుగదు.

కరీంనగరములో మా యిల్లు రహదారి ప్రక్కన నున్నది. గ్రానైటు బండలను మోయు లారీలు రాత్రులందును తిరుగుచుండును. నా భార్య జబ్బుపడి లేచిన పిదప ఆమెకు నిద్ర కరవైనది. చిత్రలేఖనమునం దాసక్తి గల మా మనుమరాలు అది చూచి, "తాతా, బాపమ్మకు నా పెన్సిలు చప్పుడు పట్టి ఇస్తాను" అన్నది.

లారీల మ్రోతలో అది సాధ్యము కాలేదు. సంక్రాంతి సెలవులలో నిర్మల్ సమీపమున మా బంధువుల పల్లెకు పోయినపుడు ఆ పిల్ల ఆ పనికి పూనుకొన్నది. చలికాల మగుటచే పంకాతో పని లేదు. సెల్‌ఫోనును వట్టి బల్లపై నుంచినచో చేతి తాకిడి యంతయు దానికెక్కును. కనుక మడచిన దుప్పటిపై నుంచితిమి. పెన్సిలు ములుకు గ్రాఫైటు, బంకమన్నుల మిశ్రమము. దానిని కాల్చి చేయు విధానమును 1795లో ఫ్రాన్సు దేశీయుడగు కోంటే కనుగొనెను. బంకమన్ను హెచ్చైన గట్టి ములుకు కాగితమును గీరినట్లు వినిపించెను. గ్రాఫైటు హెచ్చైన మెత్తని ములుకు గరుకు కాగితముపై ఎండుటాకులు కదలినట్లు పలికెను. అదియే మాకు నచ్చినది. పొనికి చెక్కతో చేసిన నిర్మల్ చిలుక బొమ్మను ఎదుట నుంచుకొని పిల్ల గీయసాగెను. రెండుమారులు కుక్క మొరిగినది. రెండుమారులును విసుగక క్రొత్త కాగితము తీసికొన్నది. మూడవమారు 20 నిమిషముల చప్పుడు దొరికినది.

తిరిగి వచ్చిన రాత్రి నా భార్య దానిని విన్నది. "పులకరింత ఏమో నాకు తెలియలేదు. కాని చిన్నప్పుడు మా అమ్మ కందిలి వెలుగులో బీడీలు చేస్తుంటే, తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. ఇది అట్లనే ఉన్నది" అన్నది. పిదప మాట వినరాలేదు. చూడగా నిద్రించుచున్నది. వైద్యుడు చెప్పిన మందు మేము మానలేదు. ప్రతిరాత్రియు అట్లే నిద్ర వచ్చినదనియు చెప్పజాలను.

అయినను ఒక సంగతి నాకు బోధపడినది. మనకు ప్రియమైన వారొకరు దాపున మేలుకొని తమ పని తాము చేసికొనుచున్నారను నమ్మకమే మనస్సును జోకొట్టును. బాలలారా! రాత్రివేళ మీరు పాఠము వ్రాసికొనుచుండగా, ప్రక్కన మంచముపై తాతయో బాపమ్మయో నిద్ర పట్టక మేలుకొని యుండవచ్చును. మీ పెన్సిలు చప్పుడు వారికి వినబడుచునే యుండును.